22వ వచనానికి ముందు: విలాపవాక్యములు పూర్తిగా చదివిన ఒక సంఘం

నేను సంఘ కాపరిని. మా సంఘంలో రెండేళ్ల కిందట మొదలై ఇప్పటికీ నడుస్తున్న ఒక పని గురించి, అంటే ఆదివారం ఆరాధనలో బైబిల్ గ్రంథాలను ఏదీ వదలకుండా గట్టిగా చదవడం గురించి, మొదటి నుంచి రాస్తున్నాను. వాక్యం చెప్పేవాళ్లకు, సంఘ పెద్దలకు ఇది పనికొస్తుందని నా నమ్మకం. ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు మార్చాను. ఇందులో ఎక్కువగా కనిపించే సోదరుడు ఇదంతా చదివి, రాయడానికి ఒప్పుకున్నారు.

ఎలా మొదలైంది

ఆ సోదరుడి భార్య ఏడాదిన్నర జబ్బు పడి చనిపోయింది. అన్ని నెలలూ సంఘం ఆమె కోసం ప్రార్థించింది. ఉపవాస కూడికలు పెట్టాం. ఆమె తప్పకుండా లేస్తుందని వాగ్దాన వచనాలు ఎత్తి ధైర్యం చెప్పినవాళ్లు చాలామంది. నేనూ చెప్పాను. ఆమె పోయాక ఆయన ఆదివారం ఆరాధన మానలేదు. ఎప్పటిలాగే వచ్చి, ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చునేవారు. కానీ పాట పాడేవారు కాదు. ప్రార్థన కూడికలో తన వంతు వస్తే తల అడ్డంగా ఊపేవారు. మిగతావాళ్లకు అది ఇబ్బందిగా ఉండేది. "బ్రదర్ విశ్వాసంలో తగ్గిపోయారు" అని ఒకరిద్దరు నా దగ్గర అన్నారు.

నాలుగో నెలలో వాళ్లింటికి వెళ్లాను. వెళ్లే ముందు ఏం చదవాలో నిర్ణయించుకునే వెళ్లాను. బైబిల్లో యెరూషలేము నాశనం గురించి ఏడ్చే గ్రంథం విలాపవాక్యములు, 3వ అధ్యాయం, 22, 23 వచనాలు. యెహోవా వాత్సల్యత యెడతెగక నిలుచునది, అనుదినం నూతనంగా పుట్టుచున్నది అనే ఆ మాటలు మా సంఘంలో చిన్నపిల్లలకు కూడా నోటికి వచ్చు. చదివాను. ఆయన నా చేతిలోంచి బైబిల్ తీసుకుని, అదే పేజీలో పైకి చూసుకుంటూ వెళ్లారు. 8వ వచనం దగ్గర వేలు ఆనించారు. నేను ఎంత మొరపెట్టినా నా ప్రార్థన వినబడకుండా ఆయన అడ్డుకున్నాడు అని ఉంది అక్కడ. తర్వాత కిందికి వెళ్లి 44వ వచనం చూపించారు. మా ప్రార్థన చేరకుండా నువ్వు మేఘంతో కప్పుకున్నావు అని ఉంది.

"అయ్యగారూ, ఇవి కూడా ఈ అధ్యాయంలోవే కదా. మాకెప్పుడూ ఎందుకు చదవలేదు?" అని అడిగారు.

ఆయన గొంతులో కోపం లేదు. నా దగ్గర జవాబు లేదు. ప్రార్థన చేసి వచ్చేశాను. ఆ ప్రార్థనలో నేనేం మాట్లాడానో కూడా నాకు గుర్తులేదు.

నోటుబుక్కుల్లో దొరికింది

ఆ రాత్రి నా ప్రసంగాల నోటుబుక్కులు ముందు వేసుకుని కూర్చున్నాను. ప్రతి ఆదివారం ఏ భాగం తీసుకున్నానో రాసిపెట్టే అలవాటు నాకు ఉంది. బైబిల్లో 66 గ్రంథాలు. నేను తిరిగింది గుప్పెడు గ్రంథాల చుట్టూనే. సువార్తలు, కీర్తనల్లో కొన్ని, యెషయాలో కొన్ని అధ్యాయాలు, పౌలు పత్రికలు, ఆదికాండంలో అబ్రాహాము, యోసేపు. సంఖ్యాకాండం నుంచి ఏమీ లేదు. హబక్కూకు నుంచి ఒక్కటే వచనం. విలాపవాక్యముల నుంచి పలుసార్లు చెప్పాను గానీ, ప్రతిసారీ అవే రెండు వచనాలు.

ఆ గ్రంథంలో 5 అధ్యాయాలు, 154 వచనాలు. అందులో రెండింటిని కత్తిరించి సంఘానికి ఇచ్చి, మిగిలిన 152 వచనాలు నేనే మూసిపెట్టాను. ఎవరో దాచలేదు. మా అందరి బైబిళ్లలోనూ ఉన్నాయి. నిర్లక్ష్యం చేసిన లేఖనం అనగానే ఎక్కడో గుహలోనో పాత పెట్టెలోనో ఉన్నదనుకుంటాం. మాది రోజూ సంచిలో మోసుకొచ్చిందే.

యూదా రాజు యోషీయా కాలంలో జరిగింది కూడా ఇదే అని అప్పుడు గుర్తొచ్చింది. రెండవ రాజులు 22వ అధ్యాయం మళ్లీ చదివాను. యోషీయా ఏలుబడిలో 18వ సంవత్సరం, అంటే సుమారు క్రీస్తుపూర్వం 622. మందిరానికి మరమ్మతు జరుగుతోంది. ప్రధానయాజకుడు హిల్కీయాకు మందిరంలోనే ధర్మశాస్త్ర గ్రంథం దొరికింది. దాన్ని వెతకడానికి ఎవరూ వెళ్లలేదు. శాస్త్రి షాఫాను రాజు దగ్గరికి వచ్చి ముందు డబ్బు లెక్క చెప్పాడు, పనివాళ్లకు ముట్టిందని చెప్పాడు. ఆ తర్వాతే, యాజకుడు నాకొక గ్రంథం ఇచ్చాడు అన్నాడు. ఆ వరస చూసి నేను చాలాసేపు ఆగిపోయాను. దేవుని మందిరంలో దేవుని గ్రంథం ఎంత పరాయిదైపోతే దాని మాట లెక్కల తర్వాత వస్తుంది! కానీ చదవడం మొదలుపెట్టగానే రాజు బట్టలు చింపుకున్నాడు.

ఇంకో సంగతి కూడా ఉంది. ద్వితీయోపదేశకాండం 31వ అధ్యాయం ప్రకారం ఏడేళ్లకోసారి పర్ణశాలల పండుగలో ధర్మశాస్త్రాన్ని పురుషులు, స్త్రీలు, పిల్లలు, పరదేశులు అందరూ వినేలా చదవాలి. గట్టిగా చదివి వినిపించమనేది ఆజ్ఞే. చదవడం మానేశారు కాబట్టే పుస్తకం పోయింది. పుస్తకం పోయి చదవడం మానేశారని నేను అనుకోవడం లేదు.

పెద్దలతో మాట

పెద్దల కమిటీలో ఒక ప్రతిపాదన పెట్టాను. ఎనిమిది ఆదివారాలు ప్రసంగం బదులు చదువు. మొదటి ఐదు వారాలు విలాపవాక్యములు, వారానికి ఒక అధ్యాయం. తర్వాతి మూడు వారాలు హబక్కూకు మూడు అధ్యాయాలు. చదివాక రెండు నిమిషాలు మౌనం. వెంటనే పాట, సాక్ష్యం, ముగింపు మాట ఏవీ ఉండవు.

అందరికంటే పెద్దాయన ఒప్పుకోలేదు. "కొత్తగా వచ్చేవాళ్లు భయపడతారు అయ్యగారూ. ఏడుపు పుస్తకం చదివితే విశ్వాసం ఎట్లా పెరుగుతుంది?" అన్నారు. అది తేలిగ్గా తీసేసే ప్రశ్న కాదు. నలభై ఏళ్లుగా ప్రార్థనలో నిలబడిన మనిషి అడిగిన ప్రశ్న. కీర్తనల గ్రంథంలో దాదాపు మూడోవంతు మొరలూ విలాపాలే కదా, దావీదు ఏడిస్తే విశ్వాసం తగ్గిందా అని నేను జవాబు చెప్పాను. ఆయన పూర్తిగా సమాధానపడలేదు. అయినా, "ఎనిమిది వారాలు చూద్దాం, మొదటి అధ్యాయం నేను చదువుతాను" అన్నారు. వ్యతిరేకించిన మనిషే మొదట చదవడం మాకు చాలా మేలు చేసింది.

చదివే పద్ధతి

చదవడం అంటే అక్షరాలు పలకడం కాదని మొదటి రిహార్సల్‌లోనే తెలిసింది. మా దగ్గర ఉన్నది పాత గ్రాంథిక అనువాదం. కుర్రవాళ్లకు సగం క్రియలు అర్థం కావు. నెహెమ్యా 8వ అధ్యాయంలో ఎజ్రా నీటి గుమ్మం ఎదుట తెల్లవారి నుంచి మధ్యాహ్నం దాకా చదివినప్పుడు లేవీయులు జనానికి అర్థం చెబుతూ చదివించారని ఉంది. మేమూ అలాగే చేశాం. చదువుకు ముందు ఐదు నిమిషాలు కష్టమైన మాటలు మాత్రం చెప్పేవాళ్లం. వ్యాఖ్యానం వద్దు, పదాలకు అర్థం చాలు అనుకున్నాం. చదివేవాళ్లు శనివారం సాయంత్రం వచ్చి రెండుసార్లు గట్టిగా చదువుకునేవాళ్లు.

ఆ ఐదు నిమిషాల్లో సంఘాన్ని బాగా కదిలించింది ఆ గ్రంథం కట్టుబడి. హీబ్రూలో 22 అక్షరాలు. 1, 2, 4 అధ్యాయాల్లో 22 వచనాలు, ఒక్కో వచనం ఒక్కో అక్షరంతో వరసగా మొదలవుతుంది. 3వ అధ్యాయంలో ఒక్కో అక్షరానికి మూడేసి చొప్పున 66 వచనాలు. మన భాషలో చెప్పాలంటే అ నుంచి క్ష దాకా ఒక్క అక్షరం వదలకుండా ఏడవడం. యెరూషలేము బబులోను చేతిలో కూలిపోయింది, మందిరం కాలిపోయింది. అంత దుఃఖంలో కూర్చున్నవాడు అక్షరమాల పట్టుకున్నాడు. ఏదీ మిగలనప్పుడు చిన్నప్పుడు నేర్చుకున్న వరస ఒక్కటే చేతికి అందినట్టుంది. 5వ అధ్యాయంలో వచనాలు 22 ఉన్నాయి గానీ అక్షరాల వరస లేదు. ఎందుకో గ్రంథం చెప్పదు. ఏడ్చి ఏడ్చి చివరికి ఆ వరస కూడా పట్టు తప్పిందని నాకు అనిపిస్తుంది.

జరిగిన పొరపాట్లు

మొదటి వారం బాగానే గడిచింది. చదువు అయ్యాక మౌనం భరించలేక ఎవరో దగ్గారు, ఎవరో పేజీలు తిప్పారు, అంతే. రెండో వారం నేనే మా నియమం తప్పాను. 2వ అధ్యాయం ముగిసేసరికి హాలంతా బరువెక్కింది. ముందు వరసలో ఒక సిస్టర్ కన్నీళ్లు పెట్టుకుంటోంది. నాకు టెన్షన్ వచ్చింది. లేచి నిలబడి దేవుడు మంచివాడు, అన్నీ సమకూర్చి జరిగిస్తాడు అని నాలుగు నిమిషాలు మాట్లాడేశాను. ఆరాధన అయ్యాక ఆ సిస్టర్ నా దగ్గరికి వచ్చి, "మొన్న చదివిన దాంట్లో సీయోనును ఓదార్చేవాడు లేడని మాటిమాటికీ వచ్చింది కదా అయ్యగారూ. ఇవాళ మీరు ఆమెను ఏడవనే ఇవ్వలేదు" అంది.

సీయోను అంటే యెరూషలేమే, గ్రంథం దాన్ని ఏడ్చే స్త్రీగా చూపిస్తుంది. 1వ అధ్యాయంలో ఆమెను ఓదార్చేవాడు లేడనే మాట పదే పదే వస్తుంది. అది నేను విని కూడా వినలేదు. ఏళ్ల తరబడి నా సేవ అంతా ఏడుపును త్వరగా ముగించే సేవగా మారిందేమో అని ఆ వారమంతా బాధపడ్డాను. తర్వాతి ఆదివారం సంఘం ముందు ఆ మాట ఒప్పుకున్నాను.

రెండో పొరపాటు ఇంకా పెద్దది. 2వ అధ్యాయం 20వ వచనంలో, 4వ అధ్యాయం 10వ వచనంలో కరువులో తల్లులు బిడ్డలను తినడం గురించి ఉంది. పిల్లలు కూర్చునే ఉన్నారు. మేం ముందు ఆలోచించలేదు. ఒక చిన్నపాప ఆ రాత్రి నిద్రపోలేదని వాళ్లమ్మ ఏడుస్తూ ఫోన్ చేసింది. వాళ్లింటికి వెళ్లి క్షమాపణ అడిగాను. ఆ తర్వాత రాబోయే వారం చదివే భాగంలో ఏముందో తల్లిదండ్రులకు ముందే చెప్పడం, 4వ అధ్యాయం రోజు పిల్లల్ని సండే స్కూల్ గదిలో ఉంచడం మొదలుపెట్టాం. ఈ గ్రంథం చదవాలనుకునే ఏ సంఘమైనా ఇది మొదటి రోజే చేయాలి. మేం ఒక బిడ్డను భయపెట్టి నేర్చుకున్నాం.

మూడోది నేను ఊహించనిది. చాలాకాలంగా అనారోగ్యంతో ఉన్న ఒక సోదరుడు 1వ అధ్యాయం విని, తన జబ్బు తన పాపానికి శిక్షే అని నిశ్చయించుకున్నాడు. మందులు మానేద్దామనుకున్నాడు. గ్రంథం నిజంగానే నాశనానికి కారణం జనం పాపమని ఒప్పుకుంటుంది, దాన్ని నేను మెత్తబరచలేను. కానీ అక్కడ ఒప్పుకుంటున్నది ఒక జనాంగం. అదే గ్రంథం 5వ అధ్యాయం 7వ వచనంలో, తండ్రులు పాపం చేసి గతించిపోయారు, దాని భారం మేం మోస్తున్నాం అని మొరపెడుతుంది. పుట్టుగుడ్డివాడి గురించి ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగితే వీడైనా వీడి తల్లిదండ్రులైనా కాదని యేసు చెప్పిన యోహాను 9వ అధ్యాయం తీసి ఆయనతో మూడు సాయంత్రాలు కూర్చున్నాను. డాక్టర్ చెప్పిన మందులు వేసుకోవడం మానవద్దని గట్టిగా చెప్పాను. మానలేదు, దేవునికి స్తోత్రం.

యోషీయా కూడా గ్రంథం వినగానే సొంతంగా అర్థం చేసుకుని ఊరుకోలేదు. దీని సంగతి విచారించమని మనుషుల్ని పంపాడు. వాళ్లు ప్రవక్త్రి హుల్దా దగ్గరికి వెళ్లారు. అప్పటికి యిర్మీయా ప్రవచించడం మొదలై ఐదేళ్లు. అయినా ఆ గ్రంథం ఏం చెబుతోందో తేల్చి చెప్పింది హుల్దానే. మరుగునపడ్డ లేఖనాన్ని తెరిచాక పక్కన కూర్చుని అర్థం చెప్పే మనిషి ఉండాలి. మేం చదువు పెట్టాం గానీ ఆ మనిషిని పెట్టలేదు. నాలుగో వారం నుంచి ఆరాధన తర్వాత ఇద్దరు పెద్దలు, వాళ్ల భార్యలు ఒక గంట హాల్లోనే ఉండేవాళ్లు. ఎవరైనా వచ్చి మాట్లాడవచ్చు.

హుల్దా ఇచ్చిన జవాబులో ఇంకో కఠినమైన మాట ఉంది. రాజు మనసు మెత్తనైనందుకు కీడు అతని కాలంలో రాదు, కానీ కీడు రావడం తప్పదు. యోషీయా పస్కా ఆచరించాడు, విగ్రహాలు తీయించాడు. తర్వాత మెగిద్దో దగ్గర ఐగుప్తు రాజు ఫరో నెకో చేతిలో చనిపోయాడు. గ్రంథాన్ని తిరిగి తెరిస్తే ఇక కష్టాలు రావని నేను సంఘానికి చెప్పలేదు. చెప్పే హక్కు నాకు లేదు.

మూడో వారం, ఐదో వారం

3వ అధ్యాయం చదివింది ఒక కాలేజీ అమ్మాయి. 66 వచనాలు, తొందరపడలేదు. నేను బాధ అనుభవించినవాడిని అని మొదలై, చీకట్లో నడిపించాడు, గోడ కట్టాడు, నా మొర వినలేదు, ఎలుగుబంటిలా పొంచి ఉన్నాడు, పళ్లు రాళ్లతో విరగ్గొట్టాడు అంటూ 20 వచనాలు గడిచాయి. 21వ వచనంలో ఇది జ్ఞాపకం చేసుకుని ఆశ పెట్టుకుంటున్నాను అన్నాడు. ఆ తర్వాత 22. అందరికీ నోటికి వచ్చిన వచనం. మామూలుగా అయితే సంఘం కలిసి అందుకునేది. ఆ రోజు ఎవరూ అందుకోలేదు. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో మొదటిసారి విన్నారు. నాకూ అంతే. ఎన్నో ఏళ్లుగా ఇంటింటికీ పంచిన వచనం అది, దాని వెనక పళ్లు విరిగిన మనిషి ఉన్నాడని ఆ రోజు వరకూ నా మనసుకు ఎక్కలేదు. పైగా 22 దగ్గర అధ్యాయం అయిపోదు. 44లో మళ్లీ మేఘం అడ్డొస్తుంది. నమ్మకం కుదిరాక కూడా మొర ఆగదు.

5వ అధ్యాయం తను చదువుతానని మా సోదరుడే అడిగారు. ఆ అధ్యాయం చివరి వచనం, నువ్వు మమ్మల్ని పూర్తిగా విసర్జించావా అన్న బాధతో ముగుస్తుంది. యూదులు యెరూషలేము నాశనాన్ని తలచుకునే అబ్ నెల 9వ రోజున ఈ గ్రంథం చదువుతారు. చివరి మాట చీకటిగా ఉండకూడదని 22 తర్వాత 21వ వచనం, మమ్మల్ని నీ వైపు తిప్పుకో అనే ప్రార్థన, మరోసారి చదువుతారు. మేమూ అలా చేద్దామా అని శనివారం ఆయన్ని అడిగాను. కాసేపు ఆలోచించి, "వాళ్లు అలా చదవడం బాగుంది అయ్యగారూ. కానీ నేను ఇంకా 22 దగ్గరే ఉన్నాను. అక్కడే ఆపనివ్వండి" అన్నారు. అక్కడే ఆపారు. పుస్తకం మూసి వెళ్లి కూర్చున్నారు. రెండు నిమిషాలు అనుకున్న మౌనం చాలాసేపు సాగింది.

ఆ బుధవారం ప్రార్థన కూడికలో ఆయన వంతు వచ్చింది. ఏడు నెలల తర్వాత నోరు విప్పారు. "ప్రభువా, నువ్వు మా మాట వినలేదు. నాకు చాలా కోపంగా ఉంది. అయినా నీతోనే చెప్పుకుంటున్నాను" అన్నారు. పక్కనున్నవాళ్లు ఆమెన్ అన్నారు. ఎప్పటి నుంచో మా కూడికల్లో వినని గట్టి ఆమెన్ అది. మొదట్లో ఒప్పుకోని పెద్దాయన గొంతు అందులో స్పష్టంగా వినిపించింది.

ఏం మారింది

హబక్కూకు మూడు వారాల గురించి ఎక్కువ రాయను. ఎంతకాలం మొరపెట్టాలి అని మొదలై, అంజూరపు చెట్టు పూయకపోయినా ఆనందిస్తాను అని ముగిసే గ్రంథం, విలాపవాక్యముల తర్వాత సంఘం చెవికి సులువుగానే ఎక్కింది.

సంఖ్య పెద్దగా పెరగలేదు. రావడం మానేసిన రెండు కుటుంబాలు తిరిగి వచ్చాయి. ఆ రెండు ఇళ్లలోనూ, జవాబు రాని ప్రార్థన గురించి ఎవరికీ చెప్పుకోలేకే దూరమయ్యామని చెప్పారు. ఒక కుటుంబం ఆరాధనలో ఆనందం పోయిందని వేరే సంఘానికి వెళ్లింది. వాళ్ల మాటలో నిజం లేదని నేను అనను. ఎనిమిది వారాలు ఏకధాటిగా పెట్టడం బరువైంది. ఇంకోసారి చేస్తే మధ్యలో ఒక స్తుతి కీర్తన వారం పెడతాను.

నిజంగా మారింది ప్రార్థన. ఇదివరకు అందరూ ఒకే రకం మాటలతో ప్రార్థించేవాళ్లం. ఇప్పుడు అప్పు గురించి, తాగే కొడుకు గురించి, పోయిన గర్భం గురించి, నమ్మకం సన్నగిల్లడం గురించి ఉన్నదున్నట్టు దేవునితో మాట్లాడుతున్నారు. అందుకు లేఖనమే వాళ్లకు మాటలు ఇచ్చింది. నేను ఇవ్వలేదు.

ఎనిమిది వారాలు అయ్యాక ఆపేద్దామనుకుంటే, సంఘమే తర్వాత ఏది అని అడిగింది. పెద్దాయన సంఖ్యాకాండం అన్నారు. అందులో ఏముంది, లెక్కలే కదా అని నవ్వారు కొందరు. మొదటి అధ్యాయంలో నిజంగానే లెక్కలు, మొత్తం 6,03,550 మంది. కానీ 6వ అధ్యాయంలో నాజీరు వ్రతం, అంటే తమను దేవునికి ప్రత్యేకించుకునేవాళ్ల మొక్కుబడి, దాని నియమాలు వింటూ వింటూ ఉండగా, యెహోవా నిన్ను ఆశీర్వదించి నిన్ను కాపాడును గాక అనే మాటలు వచ్చాయి. ప్రతి ఆదివారం ముగింపులో నేను చెప్పే ఆశీర్వాదమే అది. హాల్లో చాలామంది తలెత్తి చూశారు. ఇన్నాళ్లూ అది ఎక్కడి మాటో తెలియకుండానే అందుకుని ఇళ్లకు వెళ్తున్నారు. 1979లో యెరూషలేము పక్కన కేతెఫ్ హిన్నోములో ఒక సమాధిలో దొరికిన రెండు చిన్న వెండి రేకుల చుట్టల మీద, కొద్ది తేడాలతో, ఇవే మాటలు చెక్కి ఉన్నాయని ఆ రోజు చెప్పాను. అవి సుమారు క్రీస్తుపూర్వం 600 నాటివి, అంటే యోషీయా కాలానికి దగ్గరివి. ఎవరో ఈ ఆశీర్వాదాన్ని రేకులా చుట్టి వెంట పెట్టుకున్నారు.

ఈ ఆదివారం 7వ అధ్యాయం. 89 వచనాలు. పన్నెండు గోత్రాల ప్రధానులు పన్నెండు రోజులు ఒకరి తర్వాత ఒకరు ఒకే రకం అర్పణలు తెచ్చారు. 130 తులముల వెండి గిన్నె దగ్గర నుంచి అన్నీ ఒకటే, అవే మాటలు పన్నెండుసార్లు. ఒక్కసారి చదివి మిగతావి పేర్లతో సరిపెడదామని నేనే అన్నాను. సంఘం ఒప్పుకోలేదు. దేవుడు పన్నెండుసార్లు రాయించాడు కదా అన్నారు. ఒక్కో గోత్రానికి ఒకరు చొప్పున పన్నెండుమంది పేర్లు ఇచ్చారు. ఆ చిన్నపాప వాళ్లమ్మ యూదా గోత్రం తీసుకుంది. పన్నెండో రోజు, నఫ్తాలి ప్రధానుడు అహీర వంతు, మా సోదరుడిది. శనివారం ఆరు గంటలకు అందరూ చదువుకోవడానికి వస్తున్నారు.